తనఖాలో ఉన్న తీరం: బ్యాంకు వేలానికి వస్తే అద్దెకు దిగినవారి గతేంటి?

కార్తీకమాసం వచ్చిందంటే మైపాడు దారిలో తెల్లవారకముందే సందడి మొదలవుతుంది. నెల్లూరు నుంచి ఇందుకూరుపేట మీదుగా ఆటోలు, బస్సులు, కార్లు వరస కడతాయి. సముద్రస్నానం చేసి సాయంత్రానికి తిరిగిపోయేవాళ్లు కొందరైతే, ఒక రాత్రి ఉండిపోదామని గది వెతుక్కునేవాళ్లు కొందరు. తోటపల్లిగూడూరు మండలంలోని కోడూరు, కావలికి దగ్గరలోని తుమ్మలపెంట, వాకాడు వైపు తూపిలిపాలెం తీరాలకూ సెలవు రోజుల్లో జనం వస్తారు. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ జరిగినప్పుడు నెల్లూరు లాడ్జీల్లో గది దొరకడం గగనం. చలికాలంలో పులికాట్‌కు ఫ్లెమింగోలు వస్తే సూళ్లూరుపేటలో అదే పరిస్థితి. డిసెంబరు ఆఖరి వారంలో చెన్నై నుంచి వచ్చే కుటుంబాలు సరేసరి.

ఏడాది పొడుగునా ఉండే గిరాకీ కాదిది. కొన్ని వారాల్లో వచ్చే ఆదాయంతోనే మిగతా నెలలు నెట్టుకురావాలి. అందుకే ఇక్కడ గెస్ట్‌హౌస్ కట్టినవాళ్లలో చాలామంది తామే నడపరు. సీజనుకో ఏడాదికో మరొకరికి లీజుకిస్తారు. తీసుకున్నాయన మంచాలు, ఏసీలు, జనరేటర్ వేయించి, వంటమనిషిని పెట్టుకుని గదులు అద్దెకిస్తాడు. అంటే ఒక్కో గది వెనుక ముగ్గురున్నారు: కట్టించిన యజమాని, నడిపే లీజుదారు, ఒకటి రెండు రాత్రులుండే అతిథి. నాలుగో పక్షం కళ్లకు కనపడదు. యజమాని భవనాన్ని తనఖా పెట్టి అప్పు తెచ్చుకున్న బ్యాంకు అది.

యజమాని వాయిదాలు కట్టడం మానేస్తే బ్యాంకుకు ఏం చేయాలో చట్టం స్పష్టంగా చెప్పింది. మిగతా ఇద్దరి సంగతి మాత్రం వాళ్లకే తెలియదు. తెలిసేసరికి గేటుకు నోటీసు అంటించి ఉంటుంది.

బ్యాంకు నడిచే దారి

2002లో వచ్చిన సర్ఫేసీ చట్టం ఈ కథకు మూలం. అంతకుముందు తనఖా ఆస్తిని అమ్ముకోవాలంటే బ్యాంకు సివిల్ కోర్టుకో, రుణ వసూలు ట్రైబ్యునల్‌కో వెళ్లి ఏళ్లతరబడి తిరగాల్సి వచ్చేది. ఈ చట్టంతో కోర్టు డిక్రీ అక్కర్లేకుండానే ఆస్తిని స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం బ్యాంకులకు వచ్చింది. 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని సమర్థించింది. అప్పీలుకు వెళ్లాలంటే బాకీలో 75 శాతం ముందే కట్టాలన్న నిబంధనను మాత్రం కొట్టేసింది. సహకార బ్యాంకులకూ ఈ అధికారం ఉందని 2020లో తేల్చింది. కాబట్టి జాతీయ బ్యాంకు అప్పయినా, పట్టణ సహకార బ్యాంకు అప్పయినా పద్ధతి ఒకటే.

వాయిదా 90 రోజులు దాటి బకాయి పడితే ఖాతా మొండి బకాయి అవుతుంది. ఆ తర్వాత సెక్షన్ 13(2) కింద 60 రోజుల గడువుతో బ్యాంకు నోటీసు ఇస్తుంది. అప్పు తీసుకున్నాయన అభ్యంతరం రాసి పంపితే 15 రోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటాక స్వాధీన నోటీసును భవనం మీద అంటిస్తారు. రెండు దినపత్రికల్లో ప్రకటిస్తారు, అందులో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. సర్వే నంబర్లు, హద్దులతో తెలుగు పత్రికల్లో చిన్న అక్షరాలతో కిక్కిరిసి కనిపించే ప్రకటనలు ఇవే. ఈ నోటీసుతో జరిగేది చాలావరకు కాగితం మీది స్వాధీనమే, లోపల వ్యాపారం మామూలుగా సాగుతూనే ఉంటుంది. తాళాలు చేతికి రావాలంటే బ్యాంకు సెక్షన్ 14 కింద జిల్లా మేజిస్ట్రేటును ఆశ్రయిస్తుంది. ఆ ఉత్తర్వు 30 రోజుల్లో, కారణాలు రాస్తే 60 రోజుల్లో రావాలి. వేలానికి 30 రోజుల ముందు అమ్మకపు నోటీసు వస్తుంది. ఆ నోటీసు పత్రికలో వచ్చేలోపు మొత్తం బాకీ తీర్చేస్తే యజమాని ఆస్తిని విడిపించుకోవచ్చు. ఆ తర్వాత ఆ హక్కు ఉండదని 2023లో బాఫ్నా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఈ తేదీలను తీరం సీజనుతో కలిపి చూస్తే ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. ఒక యజమాని జనవరి వాయిదా నుంచి కట్టడం మానేశాడనుకుందాం. ఏప్రిల్‌లో ఖాతా మొండి బకాయి అవుతుంది. నోటీసు గడువు జూన్‌తో ముగుస్తుంది. స్వాధీనం, మేజిస్ట్రేటు ఉత్తర్వు, వేలం ప్రకటన కలిసి ఆగస్టు నుంచి అక్టోబరు దాకా సాగుతాయి. కార్తీకమాసం, క్రిస్మస్ సెలవుల గిరాకీని నమ్ముకుని జూన్‌లో ఏకమొత్తం చేతిలో పెట్టి లీజు తీసుకున్నవాడు సరిగ్గా సీజను మొదట్లో రోడ్డున పడతాడు. డిసెంబరు ఆఖరికి సెప్టెంబరులోనే అడ్వాన్స్ కట్టిన కుటుంబానిదీ అదే గతి.

అతిథికి గది మీద హక్కుందా?

రెండు రాత్రులకు డబ్బు కట్టి తాళం తీసుకున్న మనిషి చట్టం దృష్టిలో కిరాయిదారు కాడు. యజమాని అనుమతితో కాసేపు ఉండే వ్యక్తి మాత్రమే. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం దీన్ని లైసెన్స్ అంటుంది. లీజుకూ లైసెన్సుకూ తేడా ఎలా పట్టుకోవాలో దేశానికంతటికీ వివరించిన తీర్పుల్లో ముఖ్యమైనది ఒక తెలుగు న్యాయమూర్తి రాసింది. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు ఆయన. ఢిల్లీలోని ఇంపీరియల్ హోటల్‌లో క్షౌరశాల నడుపుకోవడానికి ఇచ్చిన గదుల మీద నడిచిన అసోసియేటెడ్ హోటల్స్ కేసు 1959లో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. కాగితం మీద ఏ పేరు పెట్టారన్నది కాదు, ఇద్దరి అసలు ఉద్దేశం ఏమిటో చూడాలని సుబ్బారావు రాశారు. స్థలం పూర్తిగా ఒకరి వశంలో ఉంటే అది లీజనే వైపు మొగ్గాలన్నారు.

ఆ కొలతతో చూస్తే మైపాడులో భవనం మొత్తం తీసుకుని నడిపే వ్యక్తి లీజుదారు. అందులో వారాంతం గడిపే కుటుంబం లైసెన్సుదారు. ఈ తేడా వేలం రోజున బయటపడుతుంది. లైసెన్స్ ఇచ్చినవాడు ఆస్తిని బదలాయిస్తే, కొత్త యజమాని ఆ లైసెన్సుకు కట్టుబడనక్కర్లేదని ఈజ్‌మెంట్స్ చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. అంటే వేలంలో కొన్నవాడు పాత బుకింగులను గౌరవించాలన్న నిబంధన లేదు. అయితే 64వ సెక్షన్ అతిథికి ఒక ఊరట ఇస్తుంది. డబ్బు కట్టి, తన తప్పేమీ లేకుండా మధ్యలో వెళ్లగొట్టబడ్డవాడు లైసెన్స్ ఇచ్చినవాడి నుంచి నష్టపరిహారం రాబట్టుకోవచ్చు.

ఉండడానికి హక్కు లేకపోయినా డబ్బు మీద హక్కుందన్నమాట. దాన్ని సాధించుకునే చోటు వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం అతిథి తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. చెన్నై కుటుంబం నెల్లూరు తిరగనక్కర్లేదు. 5 లక్షల రూపాయల వరకు ఫీజు లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి మొదట రాజీ ప్రయత్నం చేయొచ్చు. బ్యాంకు నోటీసు చేతిలో పెట్టుకుని, ఆ మాట దాచి అడ్వాన్సులు వసూలు చేసినట్టు తేలితే అది మోసం కిందికి కూడా రావచ్చు. భారతీయ న్యాయ సంహితలో దానికి 318వ సెక్షన్ ఉంది.

అడ్వాన్స్ ఎవరి చేతిలో ఉందన్నది ఇక్కడ అసలు విషయం. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి వేదికలు మామూలుగా అతిథి దిగాల్సిన సమయం దాటి 24 గంటలయ్యాకే ఆతిథ్యమిచ్చినవారికి సొమ్ము పంపుతాయి. గది తాళం వేసి ఉంటే ఆ డబ్బు ఇంకా మధ్యవర్తి దగ్గరే ఉంటుంది. తెలిసినవాళ్ల ద్వారా ఫోన్‌లో మాట్లాడి యూపీఐలో మొత్తం పంపేసిన వారికి ఆ రక్షణ లేదు.

ఎక్కువ నష్టపోయేది నడిపేవాడే

అతిథికి పోయేది ఒక సెలవు, కొన్ని వేల రూపాయలు. లీజుదారుకు పోయేది బతుకుతెరువు. ఆయన పెట్టుబడి మంచాల్లో, పరుపుల్లో, వంటింట్లో, సిబ్బందికిచ్చిన ముందస్తు జీతాల్లో ఉంటుంది. ఇంతచేసీ ఆయన చేతిలో ఉండేది చాలాసార్లు వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్న 11 నెలల ఒప్పందం. ‘‘కాగితాలెందుకబ్బయా, నేనున్నా గదా’’ అన్న భరోసా మీద అదీ లేకుండా నడిచేవీ ఉన్నాయి.

చట్టం ఈ లీజును మూడు ప్రశ్నలతో తూకం వేస్తుంది. తనఖాకు ముందుదా, తర్వాతదా? తర్వాతదైతే తనఖా పెట్టినవాడికి లీజిచ్చే అధికారం ఉందా? బ్యాంకు నోటీసు రాకముందే ఇచ్చాడా?

తనఖాకు ముందే పుట్టిన లీజు బలమైనది. బ్యాంకు ఆ భారంతోనే ఆస్తిని తీసుకుంది కాబట్టి గడువు దాకా లీజు నిలుస్తుంది. తనఖా తర్వాత ఇచ్చినదైతే ఆస్తి బదిలీ చట్టంలోని 65ఎ సెక్షన్ పరీక్షకు నిలవాలి. ఆస్తిని మామూలుగా నిర్వహించే తీరులో, స్థానిక ఆచారం ప్రకారం, న్యాయంగా రాగలిగినంత అద్దెకు ఇచ్చి ఉండాలి. పగిడీ, అంటే అద్దె కాక విడిగా ఏకమొత్తం, తీసుకోకూడదు. అద్దె ముందుగా వసూలు చేసుకోకూడదు. పొడిగింపు హామీ ఉండకూడదు. ఆరు నెలల్లోపు అమల్లోకి రావాలి. భవనమైతే గడువు మూడేళ్లు మించకూడదు. వీటన్నిటికీ పైన, లీజుకివ్వరాదని తనఖా పత్రంలోనే రాసుకుంటే ఆ మాటే చెల్లుతుంది. బ్యాంకుల తనఖా పత్రాల్లో తమ అనుమతి లేనిదే లీజుకివ్వరాదన్న షరతు సర్వసాధారణం.

తీరం వ్యాపారానికి ఇందులో అన్నిటికంటే గట్టి దెబ్బ ‘అద్దె ముందుగా తీసుకోకూడదు’ అన్నది. సీజను లీజుల్లో ఏకమొత్తం ముందే చేతులు మారడం మామూలు. మొత్తం ముందే కట్టేశాను కాబట్టి నా హక్కు గట్టిదని లీజుదారు ధీమాగా ఉంటాడు. చట్టం ముందు ఆ ముందు చెల్లింపే లీజును బలహీనపరుస్తుంది. నెలనెలా బ్యాంకు ఖాతా ద్వారా అద్దె కట్టి రసీదు ఉంచుకున్నవాడి పరిస్థితి ఇంతకంటే ఎంతో మెరుగు.

ఇక మూడో ప్రశ్న. 13(2) నోటీసు అందాక బ్యాంకు లిఖితపూర్వక సమ్మతి లేకుండా ఆస్తిని అమ్మడం, లీజుకివ్వడం కుదరదని సర్ఫేసీ చట్టంలోని 13(13) చెబుతోంది. మామూలు వ్యాపారంలో భాగంగా జరిగేవాటికి మినహాయింపు ఉంది. రాత్రికో గది అద్దెకివ్వడం అలాంటిదేనని వాదించవచ్చు. భవనం మొత్తాన్ని రెండేళ్లకు రాసిచ్చి అదే వాదన వినిపించడం కష్టం.

ఈ విషయాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేలినవే. 2014లో హర్షద్ గోవర్ధన్ సొందాగర్ కేసులో, చెల్లుబాటయ్యే లీజు ఉన్న కిరాయిదారును గడువు తీరకుండా మేజిస్ట్రేటు ద్వారా వెళ్లగొట్టడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. 2019లో బజరంగ్ శ్యామ్‌సుందర్ అగర్వాల్ కేసులో, నోటిమాట మీదో, రిజిస్టర్ కాని కాగితం మీదో ఉన్నవాళ్లు ఏడాదికి మించి రక్షణ కోరలేరని తేల్చింది. ఏడాది దాటే లీజు రిజిస్టర్ కావాలన్నది ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ నియమం. ఐదేళ్లకని రాసుకుని రిజిస్ట్రేషన్ ఖర్చు మిగుల్చుకున్న లీజుదారు, వేలం రోజున ఆ మిగులు కంటే ఎన్నో రెట్లు పోగొట్టుకుంటాడు.

సర్ఫేసీ చట్టానికి 2016లో చేసిన సవరణతో కిరాయిదారుకు ఒక తలుపు తెరుచుకుంది. సెక్షన్ 17(4ఎ) కింద రుణ వసూలు ట్రైబ్యునల్ ఇప్పుడు లీజుదారు హక్కును కూడా పరిశీలించగలదు. బ్యాంకు చర్య తీసుకున్న 45 రోజుల్లో దరఖాస్తు పెట్టాలి. లీజు గడువు తీరిందా, 65ఎకు విరుద్ధమా, తనఖా షరతులకు విరుద్ధమా, నోటీసు తర్వాత పుట్టిందా అన్నవి ట్రైబ్యునల్ చూస్తుంది. సివిల్ కోర్టులో ఇంజంక్షన్ తెచ్చుకుందామని తిరిగితే ఆ 45 రోజులు కరిగిపోతాయి. ఇలాంటి విషయాల్లో సివిల్ కోర్టు జోక్యాన్ని సర్ఫేసీ చట్టం 34వ సెక్షన్ అడ్డుకుంటుంది.

లీజు నిలవకపోయినా లీజుదారు కొన్న మంచాలు, ఏసీలు, పాత్రలు తనఖాలో లేవు. బిల్లులు ఆయన పేరున ఉంటే స్వాధీనం రోజు రాసే జాబితాలో వాటిని వేరుగా చూపించమని పట్టుబట్టవచ్చు. బిల్లులు లేకపోతే సామాను కూడా భవనంతోపాటు తాళం వెనక్కి పోతుంది.

గోవా తీరం, హుస్సేన్‌సాగర్ గట్టు

సముద్రతీర రిసార్టు వేలానికి వెళితే ఏమవుతుందో దక్షిణ గోవాలోని ఆరోసిం తీరం చూపింది. అక్కడి పార్క్ హయత్ రిసార్టు యజమాని బ్లూ కోస్ట్ హోటల్స్ ఐఎఫ్‌సీఐ అనే ఆర్థిక సంస్థ దగ్గర 150 కోట్ల రూపాయల అప్పు తీసుకుని తీర్చలేకపోయింది. 2015లో ఐటీసీ దాన్ని వేలంలో 515 కోట్లకు పైగా పెట్టి కొంది. భూమిలో కొంత వ్యవసాయ భూమి కాబట్టి సర్ఫేసీ వర్తించదని యజమాని వాదించాడు. వ్యవసాయ భూమికి ఆ చట్టం మినహాయింపు ఇస్తున్న మాట నిజమే. రెవెన్యూ రికార్డులో ఏం రాసుందన్నది చాలదు, హోటల్‌లో భాగంగా తనఖా పెట్టిన భూమికి ఆ మినహాయింపు రాదని 2018 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తి అప్పగించడానికి ఆరు నెలల గడువిచ్చింది. ఆ రిసార్టు ఇప్పుడు ఐటీసీ గ్రాండ్ గోవా. వరిపొలాలు, రొయ్యల చెరువుల మధ్య గెస్ట్‌హౌసులు లేచే నెల్లూరు తీరానికి ఈ తీర్పు నేరుగా వర్తిస్తుంది. రెవెన్యూ రికార్డైన అడంగల్‌లో పొలమని ఉన్నంత మాత్రాన వేలం ఆగదు.

హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ గట్టున మరో దారి కనిపించింది. అక్కడి మారియట్, కోర్ట్‌యార్డ్ హోటళ్ల యజమాని వైస్రాయ్ హోటల్స్ 2018 మార్చిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2023 అక్టోబరులో అనిరుధ్ ఆగ్రో ఫార్మ్స్ ప్రణాళికకు కంపెనీ లా ట్రైబ్యునల్ ఆమోదం తెలిపింది. ఈ ఐదేళ్లలోనూ హోటళ్లు నడుస్తూనే ఉన్నాయి. దివాలా చట్టం ఉద్దేశం వ్యాపారాన్ని నడిపిస్తూ చేతులు మార్చడం. సర్ఫేసీ ఉద్దేశం ఆస్తిని అమ్మి బాకీ రాబట్టడం. పెద్ద కంపెనీ హోటల్‌కు మొదటి దారి దొరకవచ్చు. ఒక వ్యక్తి పేరున ఉన్న ఎనిమిది గదుల గెస్ట్‌హౌస్‌కు ఎదురయ్యేది సాధారణంగా రెండోదే.

సముద్రాల అవతల

అమెరికాలో ఇళ్ల జప్తులు వెల్లువెత్తిన రోజుల్లో, 2009 మేలో, కిరాయిదార్ల రక్షణకు ప్రత్యేక చట్టం చేశారు. ఇల్లు వేలంలో పోయినా న్యాయంగా అద్దెకుంటున్నవారికి కనీసం 90 రోజుల నోటీసివ్వాలి. 2018లో దాన్ని శాశ్వతం చేశారు. అది అద్దె ఇంటినే నివాసంగా చేసుకున్నవారి కష్టం చూసి చేసినది.

సెలవుల అద్దెలకు విడిగా చట్టమున్న రాష్ట్రాల్లో నార్త్ కరోలినా ఒకటి. క్యారీ, మోరిస్‌విల్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు అక్కడి ఔటర్ బ్యాంక్స్ తీరం తెలిసినదే. 1999 నాటి ఆ రాష్ట్ర చట్టం ప్రకారం యజమాని ఇల్లు అమ్మితే, రిజిస్ట్రేషన్ తర్వాత 180 రోజుల్లో ముగిసే సెలవుల బుకింగులను కొన్నవారు గౌరవించాలి. ఈ రక్షణ యజమాని ఇష్టపూర్వకంగా అమ్మినప్పటికే రాసినది. కానీ అదే చట్టంలో మరో ఏర్పాటు ఉంది. అతిథులు ముందుగా కట్టిన సొమ్మును బ్యాంకులో ప్రత్యేక ట్రస్టు ఖాతాలో ఉంచాలి. యజమాని సొంత ఖర్చులకు కలిసిపోకుండా అది అడ్డుపడుతుంది.

ముందే చూసుకోవాల్సినవి

లీజు తీసుకోబోయేవారు చేయాల్సిన పనులకు పెద్ద ఖర్చేమీ లేదు. మొదటిది రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయడం. రిజిస్టరైన తనఖా అందులో కనిపిస్తుంది. దస్తావేజులు బ్యాంకులో పెట్టి తెచ్చిన అప్పు రిజిస్టర్ కాకపోతే ఈసీలో కనపడకపోవచ్చు. దానికి రెండో పని ఉంది. 2011లో మొదలైన సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆస్తి వివరాలు వెతకవచ్చు. మూడోది, ప్రభుత్వ బ్యాంకుల వేలం ఆస్తులుండే బ్యాంక్‌నెట్ వెబ్‌సైటులో ఆ ఊరి పేరు కొట్టి చూడటం. నాలుగోది, తనఖా ఉందని తేలితే లీజుకు బ్యాంకు సమ్మతి పత్రం అడగడం. యజమాని వాయిదాలు సక్రమంగా కడుతుంటే ఆ పత్రం తేవడానికి వెనకాడడు. వెనకాడితే అదే జవాబు.

అద్దెలో కొంత భాగాన్ని లీజుదారే నేరుగా యజమాని అప్పు ఖాతాలో జమచేసేలా ఒప్పందంలో రాసుకోవచ్చు. వాయిదా పడుతోందో లేదో దాంతో ఆయనకూ తెలుస్తుంది.

ఈ జాగ్రత్తల అవసరం మున్ముందు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్ 2024 డిసెంబరులో కొత్త పర్యాటక విధానం తెచ్చి ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. 2025-26 కేంద్ర బడ్జెట్ హోంస్టేలకు ముద్ర రుణాలు ప్రకటించింది. ముద్ర రుణానికి తనఖా అక్కర్లేదు కాబట్టి అక్కడ ఇల్లు పోయే భయం తక్కువ. అంతకు మించిన కట్టడాలకు తెచ్చే అప్పులు చాలావరకు భూమి, భవనం మీదే వస్తాయి. తీరంలో గదులు పెరిగేకొద్దీ తనఖాలూ పెరుగుతాయి.

ప్రభుత్వం చేయగలిగినదీ ఉంది. గెస్ట్‌హౌసులు, హోంస్టేలు పర్యాటక శాఖ దగ్గర నమోదయ్యేటప్పుడు తనఖా ఉందో లేదో చెప్పమని అడగవచ్చు. 13(2) నోటీసు అందిన భవనంలో అంతకుముందు కట్టిన అడ్వాన్సులను విడి ఖాతాలో ఉంచాలని షరతు పెట్టవచ్చు. స్వాధీన నోటీసు అంటించే రోజే లోపల ఎవరున్నారో, ఏ హక్కుతో ఉన్నారో బ్యాంకు అధికారి రాసుకుని, 45 రోజుల అప్పీలు గడువు గురించి లీజుదారుకు తెలుగులో ఒక కాగితం ఇస్తే చాలామంది గడువు దాటకముందే ట్రైబ్యునల్ దాకా చేరగలుగుతారు. ఇందులో బ్యాంకు బాకీ ఒక్క రూపాయి తగ్గదు. సీజను మీద బతికే వంటమనిషి, గది ఊడ్చే మనిషి, వాళ్లకు జీతమిచ్చే లీజుదారు మరో చోటు చూసుకోవడానికి కావలసిన సమయం మాత్రం వాళ్ల చేతికొస్తుంది.